ఏ తలనొప్పికి ఏ వైద్యం: గుర్తించడం, మందు వాడడం, నివారించడం

తలనొప్పికి వైద్యం మొదలుపెట్టే ముందు అది ఏ రకం తలనొప్పో తేల్చుకోవాలి. ఇందుకు స్కాన్లు చాలాసార్లు ఉపయోగపడవు. మైగ్రేన్ ఉన్నవారి మెదడు స్కాన్‌లో సాధారణంగా మామూలుగానే కనిపిస్తుంది. నొప్పి ఎలా మొదలైంది, ఎక్కడ వచ్చింది, ఎంతసేపు ఉంది, దానితోపాటు ఇంకేం జరిగింది అన్న వివరాలను బట్టే వైద్యులు నిర్ధారణకు వస్తారు. వారం పది రోజుల తర్వాత ఆ వివరాలు ఎవరికీ సరిగా గుర్తుండవు కాబట్టి వాటిని ఎప్పటికప్పుడు రాసిపెట్టుకోవడమే మొదటి పని.

తలనొప్పి వచ్చిన ప్రతి రోజూ తారీఖు, మొదలైన వేళ, తగ్గిన వేళ, నొప్పి వచ్చిన చోటు, దాని తీవ్రత, వికారం ఉన్నదీ లేనిదీ, వెలుతురూ చప్పుడూ భరించగలిగినదీ లేనిదీ రాయాలి. స్త్రీలు నెలసరి రోజులను కూడా గుర్తుపెట్టాలి. వేసుకున్న మాత్ర పేరు, మోతాదు, వేసుకున్న వేళ, రెండు గంటల తర్వాత నొప్పి ఎలా ఉందన్నది వేరుగా రాయాలి. చాలామంది ఆ రోజు ఏం తిన్నారో శ్రద్ధగా రాసి మాత్రల లెక్క వదిలేస్తారు. నా అభిప్రాయంలో వైద్యుడికి ఎక్కువగా పనికొచ్చేది ఆ లెక్కే. ఇలా రెండు మూడు నెలలు రాస్తే నొప్పి తీరు చాలావరకు బయటపడుతుంది.

రకాన్ని గుర్తించడం

మందు వేసుకోకపోతే పెద్దవారిలో మైగ్రేన్ 4 గంటల నుంచి 72 గంటల వరకు ఉంటుంది. అది తరచుగా తలకు ఒక వైపునే వస్తుంది గానీ, రెండు వైపులా వచ్చినంత మాత్రాన మైగ్రేన్ కాదని చెప్పలేం. నొప్పి నాడి కొట్టుకున్నట్టు పోట్లు పొడుస్తుంది, పని చేసుకోనివ్వదు, మెట్లెక్కినా అటూ ఇటూ తిరిగినా ఎక్కువవుతుంది. వికారమో వాంతులో ఉంటాయి, లేదా వెలుతురూ చప్పుడూ రెండూ భరించలేనివవుతాయి. వైద్యులు అనుసరించే అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం ఇలాంటి నొప్పి కనీసం 5 సార్లు వచ్చాకే దాన్ని ఖాయంగా మైగ్రేన్ అంటారు.

కొందరికి నొప్పికి ముందు చూపులో వంకరటింకర మెరుపు గీతలు కనిపిస్తాయి, లేదా చేతి వేళ్ల దగ్గర మొదలైన తిమ్మిరి మెల్లగా మొహం దాకా పాకుతుంది. దీన్ని ఆరా అంటారు. మెదడు పైపొర మీద ఒక విద్యుత్ అలజడి నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున వ్యాపించడం వల్ల ఇది కలుగుతుందని భావిస్తున్నారు. ఈ అలజడిని బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టిడెస్ లియావ్ 1944లో కుందేళ్ల మెదడులో గమనించి వర్ణించాడు. అలజడి నెమ్మదిగా కదులుతుంది కనుకనే ఆరా లక్షణాలు కూడా నిమిషాల మీద క్రమంగా పెరిగి, ఒక్కో లక్షణం సాధారణంగా 5 నుంచి 60 నిమిషాలలో సర్దుకుంటుంది. పక్షవాతంలో లక్షణాలు ఒక్కసారిగా వస్తాయి. ఈ తేడా తెలిసి ఉండడం మంచిదే గానీ, మొదటిసారి ఇలాంటి లక్షణాలు వచ్చినప్పుడు ఇంట్లో కూర్చుని తేల్చుకోవడానికి ప్రయత్నించకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఒత్తిడి రకం తలనొప్పి అన్నిటికంటే ఎక్కువమందిలో కనిపిస్తుంది. నుదుటి చుట్టూ పట్టీ బిగించినట్టు రెండు వైపులా నొక్కుతూ ఉంటుంది, వాంతులు ఉండవు, నడిచినా పెరగదు. దానితో పని చేసుకోగలుగుతారు.

క్లస్టర్ తలనొప్పి అరుదైనది, అతి తీవ్రమైనది. ఒక కంటి చుట్టూ లేదా కణతలో భరించలేని నొప్పి 15 నిమిషాల నుంచి 3 గంటల వరకు ఉంటుంది. ఆ వైపు కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, ముక్కు మూసుకుపోతుంది, కనురెప్ప వాలుతుంది. కొన్ని వారాలపాటు రోజూ, కొన్నిసార్లు రోజుకు అనేకసార్లు వచ్చి, తర్వాత నెలల తరబడి కనిపించకుండా పోతుంది. మైగ్రేన్ వచ్చినవారు చీకటి గదిలో కదలకుండా పడుకోవాలనుకుంటే, క్లస్టర్ నొప్పి వచ్చినవారు ఒక్కచోట కూర్చోలేక గదంతా తిరుగుతారు. మామూలు నొప్పి మాత్ర పని చేసేలోపు ఈ నొప్పి తారస్థాయికి చేరిపోతుంది కనుక, ముఖానికి బిగుతుగా అమరే మాస్కుతో నిమిషానికి 12 నుంచి 15 లీటర్ల స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను 15 నిమిషాలపాటు పీల్పిస్తారు, లేదా సుమాట్రిప్టాన్ ఇంజెక్షన్ చర్మం కింద ఇస్తారు. మళ్లీ రాకుండా వెరాపమిల్ వాడతారు. దాన్ని వాడేటప్పుడు ఈసీజీ తీసి గుండె లయను గమనిస్తూ ఉండాలి.

సైనస్ తలనొప్పి అని ఏళ్ల తరబడి మందులు మింగుతున్నవారిలో చాలామందికి నిజానికి ఉన్నది మైగ్రేనే. మైగ్రేన్‌లో కూడా ముక్కు కారడం, బుగ్గల దగ్గర బరువుగా ఉండడం మామూలే. జ్వరం, చిక్కని చీము వంటి చీమిడి లేకుండా వికారంతో పదేపదే నొప్పి వస్తుంటే ముక్కును కాక మైగ్రేన్‌ను అనుమానించాలి.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

క్షణాలలో తారస్థాయికి చేరి, జీవితంలో ఎన్నడూ ఎరగనంత తీవ్రంగా ఉన్న నొప్పి మెదడు చుట్టూ రక్తస్రావానికి గుర్తు కావచ్చు. జ్వరంతోపాటు మెడ బిగుసుకుపోవడం, కాలూ చెయ్యీ పడిపోవడం, మాట తడబడడం, మూర్ఛ, స్పృహ తప్పడం, తలకు దెబ్బ తగిలిన తర్వాత నొప్పి పెరుగుతూ పోవడం కూడా అత్యవసరాలే. 50 ఏళ్లు దాటాక మొదటిసారి వచ్చిన తలనొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు. దానితోపాటు నమిలేటప్పుడు దవడ నొప్పి, తల దువ్వుకుంటే మాడు నొప్పి ఉంటే కణతల్లోని రక్తనాళాల వాపు కావచ్చు, వైద్యం ఆలస్యమైతే చూపు పోయే ప్రమాదం ఉంది. దగ్గినా వంగినా పెరిగే కొత్త నొప్పి, క్యాన్సర్ ఉన్నవారిలోనూ గర్భిణులలోనూ బాలింతలలోనూ కొత్తగా మొదలైన నొప్పి తప్పనిసరిగా పరీక్ష చేయించుకోవలసినవి.

నొప్పి వచ్చినప్పుడు

మైగ్రేన్‌కు మాత్ర త్వరగా, తగిన మోతాదులో వేసుకోవాలి. చూద్దాంలే అని గంటల తరబడి ఓర్చుకుని, వాంతులు మొదలయ్యాక వేసుకుంటే అది సరిగా పనిచేయదు, ఎందుకంటే ఆ సమయంలో జీర్ణాశయం మందగించి మందు రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. పెద్దవారికి ఐబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాములు, లేదా నాప్రోక్సెన్ 500, లేదా ఆస్పిరిన్ 900 నుంచి 1000 వాడతారు; పారాసెటమాల్ 1000 మిల్లీగ్రాములు కొంత తేలికపాటి నొప్పికి సరిపోతుంది. కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తం పల్చబడే మందులు వాడేవారు మొదటి మూడింటినీ వైద్యుడిని అడగకుండా వేసుకోకూడదు. పిల్లలకు ఆస్పిరిన్ అసలే ఇవ్వకూడదు. వికారం ఎక్కువగా ఉంటే మెటోక్లోప్రమైడ్ లేదా డాంపెరిడోన్ కలిపి రాస్తారు.

వీటితో తగ్గకపోతే సుమాట్రిప్టాన్, రిజాట్రిప్టాన్ వంటి ట్రిప్టాన్లు ఉన్నాయి. ఇవి మైగ్రేన్ కోసమే రూపొందిన మందులు. ఆరా ఉన్నవారు నొప్పి మొదలయ్యాక వీటిని వేసుకోవాలి. గుండె రక్తనాళాల జబ్బు, పక్షవాతం వచ్చినవారికీ, రక్తపోటు అదుపులో లేనివారికీ ఇవి పనికిరావు. ఒక ట్రిప్టాన్ పని చేయలేదని అన్నిటినీ వదిలేయనక్కరలేదు, మరొకటి పని చేయవచ్చు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. నొప్పి తరచుగా వచ్చేవారు తరచుగా మాత్రలు వేసుకుంటారు, ఆ మాత్రలే క్రమంగా నొప్పిని రోజువారీ వ్యవహారంగా మారుస్తాయి. ట్రిప్టాన్లు, కోడీన్ వంటి మత్తు కలిసిన మందులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలు నెలకు 10 రోజులు, సాధారణ నొప్పి మాత్రలు 15 రోజులు, మూడు నెలలకు పైగా వాడితే ఈ పరిస్థితి రావచ్చు. లెక్క మాత్రలది కాదు, రోజులది: ఒకే రోజు రెండు వేసుకున్నా ఒక రోజే. వారంలో రెండు రోజులకు మించకుండా చూసుకోవడం అనుకూలమైన హద్దు. హద్దు దాటినవారు ఆ మందు ఆపితే మొదటి వారం రెండు వారాలు నొప్పి పెరుగుతుంది, వికారం, నిద్రలేమి ఉండవచ్చు. ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. ఆ రోజుల్లో నిరాశపడి మళ్లీ మాత్ర అందుకోవడం సహజం కనుక, నివారణ మందు ఒకటి మొదలుపెట్టి వైద్యుడి పర్యవేక్షణలో ఆపడం మేలు. మత్తు కలిసిన మందులను సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు.

రాకుండా చూసుకోవడం

నిద్ర, భోజన వేళలు, వ్యాయామం, కాఫీ, టీల మోతాదు రోజూ ఒకే తీరులో ఉండడం మైగ్రేన్ ఉన్నవారికి మేలు చేస్తుంది; సెలవు రోజున ఆలస్యంగా లేవడం కూడా కొందరికి నొప్పి తెస్తుంది. ఆహారం విషయంలో మాత్రం తొందరపడి ఒక్కొక్కటీ మానేయకండి. నొప్పికి కొన్ని గంటల ముందు, కొందరికి ఒక రోజు ముందే, ఆవలింతలు, మెడ పట్టేయడం, చిరాకు, తీపి తినాలనిపించడం మొదలవుతాయి. అప్పటికే మైగ్రేన్ లోపల మొదలైపోయింది కాబట్టి, ఆ కోరికతో తిన్న చాక్లెట్‌ను నొప్పికి కారణంగా అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

నెలకు 4 రోజులకు మించి మైగ్రేన్ వస్తున్నా, మందులకు లొంగకపోయినా నివారణ మందుల గురించి అడగాలి. వాటిలో ప్రొప్రనొలాల్ ఉబ్బసం ఉన్నవారికి పనికిరాదు. అమిట్రిప్టిలిన్‌ను రాత్రిపూట తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. అది మగత, నోరు ఎండిపోవడం కలిగిస్తుంది గానీ ఒత్తిడి రకం తలనొప్పి కూడా ఉన్నవారికి, నిద్రపట్టనివారికి అనుకూలం. టోపిరమేట్ వేళ్లలో చిమచిమ, మాట తట్టకపోవడం కలిగించవచ్చు. క్యాండెసార్టన్ రక్తపోటు కూడా ఉన్నవారికి నప్పుతుంది. ఏది వాడినా తగిన మోతాదుకు చేరాక రెండు మూడు నెలలు చూడాలి. నొప్పి రోజులు సగానికి తగ్గితే మందు పని చేసినట్టే. పూర్తిగా పోలేదని నెల తిరక్కుండానే మార్చేస్తూ పోతే ఏ మందూ పరీక్షకు నిలబడదు. మూడు నెలలకు పైగా నెలలో 15 రోజులు, వాటిలో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలతో తలనొప్పి ఉన్నవారికి 12 వారాలకు ఒకసారి బోటులినం ఇంజెక్షన్లు ఇస్తారు. నొప్పి సంకేతాలను మోసే సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు 2018 నుంచి వాడకంలోకి వచ్చాయి. వాటిలో మొదటిది ఎరెనుమాబ్.

గర్భధారణ గురించి స్త్రీలు వైద్యుడితో ముందే మాట్లాడాలి, ఎందుకంటే టోపిరమేట్, మైగ్రేన్ నివారణకే వాడే మరో మందు వాల్‌ప్రోయేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి, క్యాండెసార్టన్ కూడా గర్భంలో వాడకూడదు. ఆరాతో కూడిన మైగ్రేన్ ఉన్నవారిలో ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు పక్షవాతం ముప్పును పెంచుతాయి కనుక వాటికి బదులు వేరే పద్ధతి ఎంచుకోవాలి. గర్భిణులలో నొప్పికి మొదట పారాసెటమాల్ వాడతారు. చాలామందికి మూడో నెల దాటాక మైగ్రేన్ తగ్గుతుంది. ప్రసవం తర్వాత తిరిగి రావడం మామూలే కాబట్టి, పాలిచ్చే రోజుల్లో ఏ మందులు వాడవచ్చో కాన్పుకు ముందే అడిగి రాయించుకోవాలి.