పర్యావరణ రాజకీయాల పాఠానికి ముందు ఆట, తరువాతే సినిమా

చాలా తరగతుల్లో పర్యావరణ పాఠం చెట్లు నాటాలి, నీరు పొదుపు చేయాలి అన్న హితబోధ దగ్గరే ఆగిపోతుంది. నీటిని ఎవరు ఎంత తోడుకోవచ్చో నిర్ణయించే అధికారం ఎవరిది, ఆ నిర్ణయం అమలు కాకపోతే ఎవరిని అడగాలి అన్న ప్రశ్నలు డిగ్రీ విద్యార్థులకు సైతం కొత్తగానే ఉంటాయి. వాటిని తరగతిలోకి తేవడానికి ఒక ఆట, ఒక సినిమా చాలు. అయితే ముందు ఆటే ఆడించాలి. సినిమా చూసినవారు తప్పంతా ప్రతినాయకుడి మీద వేసి ఊరుకోగలరు గానీ, ఆటలో ఆ వెసులుబాటు ఉండదు.

ఆటకు భూగర్భ జలం మంచి విషయం. ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ సంస్థ, పరిశోధకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో రైతులతోనే ఇటువంటి ఆట ఆడించారు. ఐదుగురిని రైతులుగా కూర్చోబెట్టి, మధ్యలో నీటికి గుర్తుగా 50 చింతగింజలు పోయండి. వరి వేసినవారు 3 గింజలు తీసుకుని 5 రూపాయలు, వేరుశనగ వేసినవారు 1 గింజ తీసుకుని 2 రూపాయలు సంపాదిస్తారు. ఏడాది చివర వాన పేరిట మీరు 5 గింజలు తిరిగి వేయాలి. అందరూ వరి వేస్తే నాలుగేళ్లలో 100 రూపాయలు వస్తాయి, ఐదో ఏటికి అందరికీ సరిపడా నీరుండదు. అందరూ వేరుశనగ వేస్తే అదే 100 రూపాయలకు పదేళ్లు పడుతుంది, కానీ 50 గింజలూ అలాగే ఉంటాయి.

మొదటి విడత మాట్లాడుకోనివ్వకుండా, రెండో విడత మాట్లాడుకుని నియమం పెట్టుకోనిచ్చి ఆడించండి. ఉమ్మడి వనరులను వాడుకునేవారే నియమాలు చేసుకుని కాపాడుకోగలరని 1990లో పుస్తకంగా నిరూపించి, 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ గురించి చెప్పడానికి ఇదే సరైన సమయం.

అసలు రాజకీయం మూడో విడతలో వస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి వ్యవసాయ విద్యుత్తు ఉచితమని గుర్తుచేసి, గింజకు 1 రూపాయి కరెంటు చార్జీ విధించండి. అప్పటికీ వరికి 2, వేరుశనగకు 1 మిగులుతాయి కనుక ఎవరూ పంట మార్చరు. చార్జీ రూపాయిన్నర చేస్తే రెండు పంటలూ సమానమవుతాయి, కానీ రైతుకు మిగిలేది అర్ధ రూపాయే. ఈ చార్జీకి ఏ శాసనసభ్యుడు ఓటు వేస్తాడని అడిగి, జవాబుల కోసం ఓపికగా ఆగండి. నీటిమట్టాన్ని విద్యుత్ శాఖ నిర్ణయాలు కూడా శాసిస్తాయని విద్యార్థులే కనుక్కుంటారు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చేతిలో పెడితే దాన్ని శ్రద్ధగా చదువుతారు.

సినిమాగా 2021లో వచ్చిన హిందీ చిత్రం ‘షేర్నీ’ తగినది. పులిని ప్రాణాలతో పట్టుకోవాలనుకునే అటవీ అధికారిణికి ఎదురయ్యేది వేటగాడు ఒక్కడే కాదు, సొంత శాఖ, ఎన్నికల పోటీ కూడా. పులిని చంపే నిర్ణయానికి ముందు ఆపి, అనుమతి ఇవ్వాల్సింది ఎవరని ప్రశ్నించండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఆ అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ది. జంతువును పట్టుకోవడం, మత్తివ్వడం, తరలించడం సాధ్యం కాదని నమ్మి, కారణాలు రాతలో పెట్టాలి. ఆ తరువాతే మిగతా సినిమా చూపించండి.

చర్చకు ఆటకంటే ఎక్కువ సమయం కేటాయించండి. మార్కులకు వ్యాసం బదులు, తమ మండలంలో వాల్టా కింద ఎన్ని బోర్లకు అనుమతి ఇచ్చారో కోరుతూ సమాచార హక్కు అర్జీ రాయించండి. జవాబుకు 30 రోజుల గడువుంటుంది కాబట్టి సెమిస్టర్ మొదట్లోనే పంపించాలి.