ఉప్పునీటి చేపకు వైద్యం – 6వ పాఠం: చుక్కలు పోయిన తరవాత

ఈసారి ఫ్లూకులనే పరాన్నజీవి పురుగుల సంగతి, మంచినీటి స్నానం సంగతి చెప్తానని పోయిన పాఠం చివర మాట ఇచ్చాను. చెప్పడం లేదు. తెల్లచుక్కల జబ్బు పట్టిన చేపను విడి తొట్టెలో పెట్టి రాగి మందు వేయడం గురించి రాసిన ఐదో పాఠం చదివి మీరు చేసిన పనులన్నీ నా ఫోనులోకి వచ్చి పడ్డాయి. ముందు వాటిని ఎత్తిపోయాలి.

గుణుపురం నుంచి ఒక తమ్ముడు రాశాడు: "అన్నయ్యా, నాలుగో రోజుకే చుక్కలన్నీ పోయాయి. రాగి మందు అద్భుతం. చేపను పెద్ద తొట్టెలోకి వదిలేశాను." కింద మూడు నమస్కారం బొమ్మలు. పన్నెండు రోజులకు మరో సందేశం వచ్చింది. అందులో నమస్కారాలు లేవు. ఆ క్లౌన్ చేపకే కాదు, తొట్టెలో ఉన్న రెండు డామ్సెల్ చేపలకూ, టాంగు చేపకూ ఒళ్లంతా ఉప్పు చల్లినట్టు చుక్కలు.

కొంత తప్పు నాది. రాగి 30 రోజులు ఉంచాలని ఒకే ఒక్క వాక్యంలో, అదీ చివర రాశాను. అందుకే ఇవాళ ఆ ఒక్క విషయమే విసుగొచ్చేదాకా చెప్తాను. మీకు రాకపోయినా నాకు వచ్చేదాకా.

మందు వేయకపోయినా నాలుగో రోజుకు ఆ చుక్కలు పోయేవి.

ఉప్పునీటి తెల్లచుక్కల జబ్బు తెచ్చేది క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి. మీరు చూసే చుక్క చేప చర్మం పైపొర కింద కూర్చుని తింటున్న పరాన్నజీవి. అక్కడ ఉన్నంతసేపు రాగి దాన్ని తాకలేదు. మూడు నుంచి ఏడు రోజులు తిని, బలిసి, తనంతట తానే ఊడి కిందికి దిగుతుంది. తొట్టె అడుగునో, గాజుకో, పైపుకో అంటుకుని చుట్టూ గట్టి పొర కట్టుకుంటుంది. ఆ పొరలోకీ రాగి దూరదు. లోపల అది విడిపోయి వందల పిల్లలవుతుంది. పొర పగిలి ఆ పిల్లలు చేపను వెతుక్కుంటూ ఈదే ఒకటి రెండు రోజులు మాత్రమే రాగికి దొరికే సమయం. అన్ని పొరలూ ఒకే రోజు పగలవు. కొన్ని మూడో రోజునే పగులుతాయి, చాలావరకు నాలుగు వారాల లోపు. అందుకే 30 రోజులు.

చేతి మీద కుట్టిన దోమ లేచిపోతే ఇంట్లో దోమలు లేవని దోమతెర మడిచి పెట్టేస్తామా? రాయగడ, కొరాపుట్ వైపు మలేరియా చూసినవాళ్లకు ఈ మాట ఇంకొకరు చెప్పక్కర్లేదు.

అయినా అందరూ ఇక్కడే పడతారు. జయపురం పాఠకుడొకరు మంచినీటి చేపల్లో ఆరితేరినవారు. గోల్డ్ ఫిష్‌కు చేసినట్టే నీటిని 30 డిగ్రీలకు వేడిచేసి, చుక్కలు పోగానే విజయం ప్రకటించారు. మంచినీటి తెల్లచుక్క వేరే జీవి. చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ దగ్గరి చుట్టరికం లేదు, ఆ వైద్యం ఇక్కడ పనిచేయదు. ఇంకొకరు చుక్కలు పోయాక "బలం కోసం" ఇంకో రెండు రోజులు ఆగారట. రెండు రోజులు! మరొకరికి దుకాణంవాడు చెప్పాడట, చేప తింటుంటే జబ్బు లేనట్టేనని. తింటుంది. మొప్పల్లో పురుగు ఉన్నా తింటుంది. ఈ జీవి చాలాసార్లు మొప్పల్లోనే ముందు చేరుతుంది. అక్కడ మీకు చుక్కే కనిపించదు. నేనూ సాధువును కాను. నా మొదటి నీలి టాంగును తొమ్మిదో రోజున పెద్ద తొట్టెలోకి మార్చాను. ఆ తరవాత తొట్టెలో మిగిలినవి రెండు నత్తలు, ఒక రొయ్య.

కనుక చుక్కలు లెక్కపెట్టడం మానండి. గోడ మీద క్యాలెండరు ఉంది కదా, రోజులు లెక్కపెట్టండి.

రాగి గురించి ఇంకో రెండు ముక్కలు, తొందరగా. పర్లాకిమిడి మాస్టారు రోజూ కొలుస్తున్నారు, రోజూ పడిపోతోంది, రోజూ పోస్తున్నారు. చేపకు "ఇల్లులా ఉండాలని" విడి తొట్టెలో గవ్వలు, పగడపు రాయి పెట్టారట. అవి సున్నపు జాతివి, రాగిని తాగేస్తాయి. తీసేయండి, పీవీసీ పైపు ముక్కలు చాలు. రెండోది, మామూలు రాగికి లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు. చెలేటెడ్ రాగి, అంటే ఇంకో రసాయనంతో కట్టిపెట్టిన రాగి, సీసాల లెక్క దానికి పదింతల దాకా ఉంటుంది. ఒకదాని అంకె ఇంకోదానికి వేస్తే చేప అదే రోజు పోతుంది, లేదా జబ్బు పోదు. మీ సీసా ఏదో, దానికి సరిపోయే పరీక్ష కిట్ ఏదో చూసుకోండి. చేప వ్యర్థాల నుంచి నీటిలో చేరే అమ్మోనియా విషాన్ని కట్టేసే మందును రాగితో పాటు ఎప్పుడూ పోయకండి. రాగి మరింత విషమవుతుంది.

ఇంత తలనొప్పి ఉంది కాబట్టే, నిజం చెప్పాలంటే, తెల్లచుక్కకు నేను రాగి వాడను. ఐదో పాఠం రాగి మీద రాసింది మీరు అడిగారని. నా పద్ధతి తొట్టె మార్పిడి. మందు లేదు, కొలత కిట్లు లేవు. రెండు ప్లాస్టిక్ టబ్బులు, రెండు ఎయిర్ పంపులు, రెండు ఎయిర్ స్టోన్లు, పైపు ముక్కలు రెండు జతలు. నేను బరంపురం బడాబజారులో కొన్న టబ్బులు ముప్పై లీటర్లవి. చిన్న చేపకు చాలు, అరచేతిని మించిన టాంగుకు చాలవు.

కిటుకు ఇది. ఊడిన పురుగు పొర కట్టుకుని పిల్లలు పెట్టడానికి కనీసం మూడు రోజులు కావాలి. ఆ మూడు రోజులు నిండకముందే చేపను ఆ టబ్బు నుంచి తీసేస్తే పిల్లలు పుట్టే వేళకు అక్కడ చేపే ఉండదు. సోమవారం పొద్దున మొదటి టబ్బులో వేశారనుకోండి. గురువారం పొద్దున రెండో దానికి, ఆదివారం కడిగి ఆరబెట్టిన మొదటిదానికి, బుధవారం మళ్లీ రెండోదానికి, శనివారం బయటికి. నాలుగు టబ్బుల నీళ్లు, పన్నెండు రోజులు. 72 గంటలు దాటకూడదు. కాస్త ముందైతే పరవాలేదు. ఈ మార్పిడి దీపం వేయకముందే, పొద్దున్నే చేయండి. పురుగులు ఎక్కువగా చీకటిలోనే ఊడతాయి, రాత్రి ఊడినవాటిని అక్కడే వదిలి వచ్చేస్తాం.

చేప తప్ప ఇంకేదీ ఆ టబ్బు నుంచి ఈ టబ్బుకు రాకూడదు. స్పాంజి, పైపు, ఎయిర్ స్టోన్, తడి చేయి, ఏదీ. నేను వల వాడను. టాంగు ముల్లు వలకు చిక్కుకుంటుంది. చిన్న డబ్బాతో ముంచి, నీటితో సహా చిల్లుల గిన్నెలో పోసి, కారిన వెంటనే కొత్త నీటిలో దించుతాను. మూడు క్షణాల పని. అందుకే కొత్త నీటి ఉప్పదనం, వేడి పాత దానితో ముందే సరిచూసుకోవాలి, ఆ తరవాత అలవాటు చేయడానికి సమయం ఉండదు. ఖాళీ టబ్బును కడిగి డాబా మీద ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. శ్రావణమాసంలో ఎండ ఎక్కడిదంటారా, ఇంట్లో ఫ్యాను కింద పెట్టండి, కానీ పొడిగా అయ్యేదాకా. టబ్బులో ఫిల్టరు లేదు కాబట్టి మేత పలచగా వేయండి. ఇక్కడ రాగి లేదు, అమ్మోనియా మందు నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఇది తెల్లచుక్కకు మాత్రమే. పిండి జల్లినట్టు సన్నని పొర, వేగంగా ఊపిరి, వెలుతురుకు దూరంగా, నీటి ధారకు ఎదురుగా నిలబడటం చూస్తే అది వెల్వెట్ అనే వేరే జబ్బు. దానికి మార్పిడి చాలదు, ఉప్పు తగ్గించినా లెక్కచేయదు. మార్పిడి వద్దు, రాగికే వెళ్లండి. ఆలస్యమైతే ఒకటి రెండు రోజుల్లో చేప ఉండదు.

నీళ్ల సంగతి. ఉప్పు కలపడం మీకు వచ్చు, చెప్పను. గోపాలపురం సముద్రం దగ్గరే ఉంది కదా, డబ్బా తెచ్చుకుంటాం అంటున్నవారికి మాత్రం ఒక మాట. వానాకాలం చివర నదుల నీరు కలిసి మన తీరంలో ఉప్పదనం బాగా పడిపోతుంది. ఋషికుల్య మొగకు దగ్గరైతే ఇంకా. రంభ నుంచి చిలకా నీళ్లు తెచ్చినవారొకరున్నారు, ఆయనతో నేను మాట్లాడను. తెచ్చిన ప్రతి డబ్బాకూ ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ పెట్టండి. పైగా సముద్రపు నీటితో పరాన్నజీవులు ఉచితం. వైద్యానికి నేను ప్యాకెట్ ఉప్పే వాడతాను.

అక్టోబరులో మొదలుపెట్టేవారు బ్యాటరీ ఎయిర్ పంపు కొనకుండా మొదలుపెట్టకండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. రెండు రాత్రులు నేనూ మా అమ్మా వంతులవారీగా చెంబుతో నీళ్లు తీసి పై నుంచి పోస్తూ కూర్చున్నాం. మా అమ్మకు ఇప్పటికీ చేపలంటే పడదు.

చేప నయమైనా పెద్ద తొట్టె నయం కాలేదు. అందులో పొరలున్నాయి, మొండివి నాలుగు వారాలు దాటాక కూడా పగులుతాయి. చేపలన్నిటినీ తీసేసి 76 రోజులు ఖాళీగా ఉంచండి. ఒక్క చేప మిగిలినా లెక్క మొదటికి వస్తుంది. రొయ్యలు, నత్తలు, పగడాలు ఉండవచ్చు, వాటికి ఈ పురుగు పట్టదు. ఆగస్టు 15న ఆఖరి చేపను తీస్తే అక్టోబరు 30న వేయవచ్చు. ముందు కాదు. గుణుపురం తమ్ముడూ, విన్నావా?

అభ్యాసం. చేపకు జబ్బు చేయకముందే, ఈ వారమే చేయండి. మొదటి టబ్బు నీటిలో మిఠాయి రంగు చిక్కగా కలపండి. ఒక నిమ్మకాయ వేయండి. నిమ్మకాయ తేలుతుంది, చేప తేలదు అని నాకు రాయకండి. డబ్బాతో ముంచి, చిల్లుల గిన్నె మీదుగా రెండో టబ్బు మంచినీటిలోకి మార్చండి. ఆ నీటిని గాజుగ్లాసులో తీసుకుని తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి. రంగు కనిపిస్తే నీళ్లు మార్చి మళ్లీ చేయండి. వరసగా పదిసార్లు రంగు కనిపించకుండా మార్చగలిగినవారు, పదకొండోసారి దీపం లేకుండా తెల్లవారుజామున చేసి, ఆ గ్లాసు ఫొటో నాకు పంపండి. ఫ్లూకుల పాఠం ఆ ఫొటోలు వచ్చాకే.