యూకేలో మనం ఉండే ఫ్లాట్ దగ్గరే ప్రైవేట్ పార్కింగ్ టికెట్ వస్తే ఏం చెయ్యాలి

నెల నెలా అద్దె కడుతున్న బిల్డింగ్‌లో, మీకిచ్చిన బే (కార్ పెట్టుకునే గడి) లోనే కార్ పెట్టుకున్నా సరే, పర్మిట్ కనపడలేదనో టైర్ గీత దాటిందనో 100 పౌండ్ల కాగితం అంటించి పోతారు, కడుపు మండుతుంది. అప్పుడు మనవాళ్ళు ఎక్కువగా చేసేవి రెండు, ఒకటి భయపడి 14 రోజుల్లో కడితే 60 పౌండ్లే కదా అని కట్టెయ్యడం, రెండోది ప్రైవేట్ వాళ్ళు ఏం చేస్తార్లే అని చించి అవతల పడెయ్యడం. దయచేసి రెండూ చెయ్యకండి. మొదటి దాంట్లో ఇవ్వక్కర్లేని డబ్బులు పోవచ్చు, రెండో దాంట్లో కోర్టు కాగితం దాకా వెళ్ళి క్రెడిట్ హిస్టరీ పాడవ్వొచ్చు.

ముందు ఆ కాగితం ఎవరిచ్చారో చూడండి. కౌన్సిల్ ఇచ్చేది పెనాల్టీ చార్జ్ నోటీస్, ప్రైవేట్ కంపెనీ ఇచ్చేది పార్కింగ్ చార్జ్ నోటీస్, రెండిటినీ పీసీఎన్ అనే అంటారు కాబట్టి చాలామంది తికమక పడతారు. కౌన్సిల్‌దైతే దాని దారి వేరు, ఇక్కడ చెప్పేది దానికి పనికిరాదు. ప్రైవేట్ కంపెనీదైతే అది జరిమానా కాదు, మీరు మా బోర్డు మీద రాసిన షరతులకి ఒప్పుకుని కార్ పెట్టారు, ఆ షరతు తప్పారు, కాబట్టి ఇంత కట్టండి అని వాళ్ళు పంపే బిల్లు. పోలీస్ కేసు కాదు, లైసెన్స్ మీద పాయింట్లు పడవు, క్రిమినల్ రికార్డ్ అవదు. కొత్తగా వచ్చిన పిల్లలు ఈ భయంతోనే కట్టేస్తున్నారు, అందుకే గట్టిగా చెప్తున్నా. కార్‌కి క్లాంప్ (చక్రానికి తాళం) వేస్తామని బెదిరిస్తే అది కూడా కుదరదు, ఇంగ్లాండ్, వేల్స్‌లో ప్రైవేట్ స్థలంలో క్లాంప్ వెయ్యడం 2012 అక్టోబర్ నుంచి నిషేధం.

ఇక్కడ అందరూ తొందరపడే విషయం ఒకటుంది. కంపెనీకి ఫోన్ చేసి "నేనే అండి పెట్టింది, సామాన్లు దించుకుంటున్నా" అని చెప్పేస్తారు. అలా చెప్పకండి, ఫోనే చెయ్యకండి, ఏదైనా రాతలోనే ఉండాలి. కారణం ఏంటంటే, ఒప్పందం అంటూ ఉంటే అది డ్రైవర్‌తో ఉంటుంది, కార్ ఎవరి పేరు మీద ఉందో ఆ కీపర్‌తో కాదు. డ్రైవర్ ఎవరో తెలీనప్పుడు కీపర్ దగ్గర వసూలు చేసే హక్కు వాళ్ళకి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ యాక్ట్ 2012, షెడ్యూల్ 4 ఇచ్చింది, కానీ అందులో రాసిన గడువులూ మాటలూ అన్నీ పాటిస్తేనే. అద్దం మీద ఏ కాగితమూ పెట్టకుండా కెమెరాతోనో ఫోటోతోనో పట్టుకుంటే, కార్ పెట్టిన మర్నాటి నుంచి లెక్కేసి 14 రోజుల లోపు కీపర్ ఇంటికి లెటర్ అందాలి. అద్దం మీద కాగితం పెట్టి ఉంటే మాత్రం 28 రోజులు గడిచాక, 56 రోజుల లోపు అందాలి. పోస్ట్ చేసిన రెండో వర్కింగ్ డేకి అందినట్టు లెక్క. ఈ లెక్క తప్పితే కీపర్‌ని అడగడానికి ఆ చట్టం వాళ్ళకి పనికిరాదు, డ్రైవర్ ఎవరో వాళ్ళే తేల్చుకోవాలి. నలుగురు కలిసి ఉండే ఫ్లాట్‌లో కార్ ఒకరి పేరు మీద ఉండి తలా ఒక రోజు నడిపే చోట ఇది చాలా పెద్ద పాయింట్. అబద్ధం ఆడమని కాదు, డ్రైవర్ పేరు చెప్పాల్సిన బాధ్యత ప్రైవేట్ కంపెనీ విషయంలో కీపర్‌కి లేదు, అంతే. "కీపర్‌గా రాస్తున్నాను" అని మొదలుపెట్టి "డ్రైవర్ అలా చేశారు" అని రాస్తే చాలు, "నేను పెట్టాను" అనే మాట ఎక్కడా రాకూడదు. కవర్ కూడా పారెయ్యకండి, తేదీలు తేల్చేటప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు అసలైన పని. మీ టెనెన్సీ అగ్రిమెంట్ తీసి పార్కింగ్ అనే మాట ఎక్కడెక్కడ ఉందో చదవండి. ఓనర్ అయితే లీజ్ (ఫ్లాట్ కొన్నప్పుడు వచ్చే దీర్ఘకాలపు ఒప్పందం) తియ్యండి. అద్దెకుంటే మీ లాండ్‌లార్డ్‌ని ఆయన లీజ్‌లో పార్కింగ్ గురించి ఉన్న పేజీ పంపమని అడగండి, ఎందుకంటే మీకు వచ్చే హక్కు ఆయన లీజ్ నుంచే వస్తుంది. ఆయన పలకకపోతే ఆస్తుల వివరాలు ఉంచే ప్రభుత్వ ఆఫీస్ హెచ్ఎం లాండ్ రిజిస్ట్రీలో కొద్దిపాటి ఫీజుతో ఆ లీజ్ కాపీ తెప్పించుకునే వీలుంది. అందులో "ఫలానా నంబర్ బే ఈ ఫ్లాట్‌కి" అని రాసి, పర్మిట్ పెట్టాలని గానీ, పెట్టకపోతే డబ్బులు కట్టాలని గానీ ఎక్కడా లేకపోతే మీ కేసు బలంగా ఉన్నట్టే. మీకు ఆల్రెడీ ఉన్న హక్కుని ఎవరో మూడో మనిషి వచ్చి గోడకి బోర్డు కొట్టి మార్చలేడు. మీ బే మీకు ఇదివరకే ఇచ్చేశారు కాబట్టి దాన్ని షరతుల మీద మీకు మళ్ళీ ఇవ్వడానికి ఆ కంపెనీ దగ్గర ఏమీ లేదు. లీజ్ షరతులు మార్చాలంటే రెండు వైపులా ఒప్పుకోవాలి, లేదా లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్ 1987 సెక్షన్ 37 కింద ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి, తొమ్మిది, అంతకన్నా ఎక్కువ లీజులున్న చోట దానికి కనీసం 75 శాతం మంది ఒప్పుకుని, 10 శాతానికి మించి వ్యతిరేకించకుండా ఉండాలి. మీ బిల్డింగ్‌లో అలాంటిది జరిగిందా అని అడిగితే చాలాచోట్ల జవాబు ఉండదు.

ఇంకో వైపు కూడా చూడాలి. కొన్ని లీజుల్లో "మేనేజ్‌మెంట్ ఎప్పటికప్పుడు పెట్టే రూల్స్ పాటించాలి" అని ఒక లైన్ ఉంటుంది, అది ఉంటే పర్మిట్ పెట్టమని అడిగే వీలు వాళ్ళకి రావచ్చు. అగ్రిమెంట్‌లో పార్కింగ్ ఊసే లేకపోయినా, విజిటర్ బే లో రోజుల తరబడి పెట్టినా, పక్కవాళ్ళ బే లో పెట్టినా ఈ వాదన నిలబడదు. అప్పుడు బోర్డులు సరిగ్గా ఉన్నాయా, గడువులు పాటించారా అన్న వాటి మీదే కొట్లాడాలి, అవీ వాళ్ళకే అనుకూలంగా ఉంటే డిస్కౌంట్‌లో కట్టెయ్యడమే మంచిది.

వాళ్ళు దాదాపు ప్రతి జవాబులో 2015 సుప్రీం కోర్టు పార్కింగ్‌ఐ అనే కంపెనీ కేసు తీర్పు చూపిస్తారు, 85 పౌండ్ల చార్జ్ చెల్లుతుందని అన్న కేసు. అది చెల్మ్స్‌ఫర్డ్‌లో రెండు గంటలు ఫ్రీగా ఇచ్చే షాపింగ్ కార్ పార్క్ గురించి. వచ్చిన కస్టమర్లు త్వరగా కదిలితే షాపులకి లాభం అన్న కారణం అక్కడుంది, మీ ఇంటి ముందు మీ బే లో ఆ కారణం ఏముంది? దీనికి ఎదురు చూపించాల్సింది 2016లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టులో హోమ్ గార్డ్ సర్వీసెస్ అనే కంపెనీ ఓడిపోయిన అప్పీల్. అందులో ఫ్లాట్‌లో ఉండే మనిషి ఫర్నిచర్ దించుకోవడానికి గుమ్మం దగ్గర కాసేపు కార్ ఆపారు. సామాన్లు దించడానికి ఆపడం పార్కింగ్ కిందకి రాదని, లీజ్ ఇచ్చిన హక్కుని పార్కింగ్ కంపెనీ బోర్డు తీసెయ్యలేదని జడ్జి తేల్చారు. కౌంటీ కోర్టు తీర్పు కాబట్టి మిగతా జడ్జీలు కచ్చితంగా పాటించాలని లేదు కానీ, అప్పీల్‌లో వచ్చింది కాబట్టి బరువు ఉంటుంది.

ఇవన్నీ దగ్గర పెట్టుకుని పార్కింగ్ కంపెనీ కన్నా ముందు బిల్డింగ్ చూసుకునే మేనేజింగ్ ఏజెంట్‌కి మెయిల్ కొట్టండి. ఆ కంపెనీని పెట్టింది వాళ్ళే, క్యాన్సిల్ చెయ్యమని చెప్పగలిగేదీ వాళ్ళే. గొడవ పెట్టుకోకుండా, ఫ్లాట్ నంబర్, బే నంబర్, అగ్రిమెంట్ పేజీ, పర్మిట్ ఉంటే దాని ఫోటో పెట్టి, ఫలానా తేదీ లోపు క్యాన్సిల్ చేయించి రాతలో చెప్పండి అని అడగండి. "మా చేతిలో లేదు, మీరే అప్పీల్ చేసుకోండి" అని తప్పించుకుంటారు చాలాసార్లు, వదలొద్దు, లాండ్‌లార్డ్‌తో కూడా రాయించండి, రెసిడెంట్స్ మేనేజ్‌మెంట్ కంపెనీ ఉంటే దాని డైరెక్టర్లకి కూడా పంపండి. నా ఉద్దేశంలో ఎక్కువ టికెట్లు పోవాల్సిన చోటు ఇదే, మనవాళ్ళు తక్కువగా ప్రయత్నించేదీ ఇదే.

అదే టైంలో బోర్డుల ఫోటోలు తీసి పెట్టుకోండి, పగలూ రాత్రీ రెండూ, గేటు దగ్గర ఉన్నదీ మీ బే దగ్గర ఉన్నదీ, అక్షరాలు ఎంత దూరం నుంచి కనపడుతున్నాయో తెలిసేలా. వాళ్ళ దగ్గర మీ గురించి ఉన్న ఫోటోలు, రికార్డులు అన్నీ పంపమని సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ పెట్టొచ్చు, ఫ్రీ, మామూలుగా ఒక నెలలో ఇవ్వాలి.

మేనేజ్‌మెంట్ జవాబు కోసం చూస్తూ అప్పీల్ గడువు మాత్రం దాటనివ్వకండి, నోటీస్ మీదే 28 రోజులు అని ఉంటుంది. ముందు కంపెనీకే అప్పీల్, చాలావరకు కొట్టేస్తారు, నిరాశ పడక్కర్లేదు. కంపెనీ బీపీఏ (పార్కింగ్ కంపెనీల సంఘం) మెంబర్ అయితే పాప్లా అనే బయటి అప్పీల్ సంస్థలో వెయ్యడానికి కోడ్ ఇస్తారు, 28 రోజుల్లో అక్కడ వెయ్యాలి. ఐపీసీ అనే రెండో సంఘంలో మెంబర్ అయితే ఐఏఎస్ అని ఇంకో అప్పీల్ సంస్థ. రెండిటికీ మామూలు అప్పీల్ ఫ్రీ, మీరు గెలిస్తే కంపెనీ వదిలెయ్యాలి, ఓడితే ఆ నిర్ణయానికి మీరు కట్టుబడాల్సిన పని లేదు, కానీ డిస్కౌంట్ రేటు సాధారణంగా పోతుంది. పాప్లాలో రాసేటప్పుడు జాలి కథలు తగ్గించి, లీజ్ హక్కు, కీపర్ లెటర్ గడువు, బోర్డుల లోపం, స్థలం ఓనర్‌తో ఈ కంపెనీకి ఉన్న కాంట్రాక్ట్ చూపించమనడం, వీటి మీద పెట్టండి. పార్కింగ్‌కి ఇచ్చిన టైం అయిపోయి కొన్ని నిమిషాలే దాటితే 2024 అక్టోబర్ నుంచి రెండు సంఘాలకీ కలిపి ఉన్న కోడ్ ప్రకారం 10 నిమిషాల గ్రేస్ ఉంటుంది, అదీ రాయండి.

తర్వాత డెట్ కలెక్టర్ లెటర్లు మొదలవుతాయి, ఎర్ర అక్షరాలు, 100 కాస్తా 170 అవుతుంది. వాళ్ళకి మీ ఇంటికొచ్చి వస్తువులు తీసుకెళ్ళే అధికారం లేదు, బెయిలిఫ్ (కోర్టు తరఫున వసూలు చేసేవాడు) వచ్చేది కోర్టు తీర్పు వచ్చి, అదీ కట్టకపోతేనే. ఆ లెటర్లు దాచుకోండి, జవాబు అక్కర్లేదు. పైగా షెడ్యూల్ 4 కింద కీపర్ దగ్గర అడగగలిగేది మొదటి కీపర్ నోటీస్‌లో రాసిన మొత్తమే.

కానీ లెటర్ ఆఫ్ క్లెయిమ్ (కోర్టుకి వెళ్ళే ముందు పంపే నోటీసు) అని వస్తే అది వేరు, జవాబుకి 30 రోజులు ఉంటాయి, తప్పకుండా జవాబివ్వండి. ఆ తర్వాత నార్తాంప్టన్‌లోని కోర్టు ఆఫీస్ నుంచి క్లెయిమ్ ఫామ్ వస్తే దాన్ని కళ్ళకద్దుకుని పక్కన పెట్టొద్దు, ఆ రోజే ఆన్‌లైన్‌లో అక్నాలెడ్జ్‌మెంట్ (అందిందని జవాబు) వెయ్యండి. ఇష్యూ తేదీ నుంచి 5 రోజులకి అందినట్టు లెక్క, అక్కణ్ణుంచి 14 రోజుల్లో అక్నాలెడ్జ్ చేస్తే డిఫెన్స్‌కి మొత్తం 28 రోజులు వస్తాయి. ఇది స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల కేసు), ఓడినా మామూలుగా వాళ్ళ లాయర్ బిల్లంతా మీ మీద పడదు. 2024 మే నుంచి ఫోన్‌లో మీడియేషన్ (రాజీ మాటలు) తప్పనిసరి, వెళ్ళాలి గానీ అక్కడ ఒప్పుకుని తీరాలని లేదు. ఒకవేళ తీర్పు మీకు వ్యతిరేకంగా వస్తే నెలలోపు మొత్తం కట్టేస్తే రిజిస్టర్ నుంచి తీసేస్తారు, లేకపోతే ఆ సీసీజే (కౌంటీ కోర్టు తీర్పు) 6 ఏళ్ళు ఉంటుంది, రేపు ఇల్లు కొనడానికి మార్ట్‌గేజ్ అడిగితే అదే అడ్డం.

ఇల్లు మారే వాళ్ళకి ఒక మాట. బండ్ల రిజిస్ట్రేషన్, లైసెన్స్‌లు చూసే డీవీఎల్ఏ దగ్గర వీ5సీలో (కార్ లాగ్‌బుక్) ఏ అడ్రస్ ఉంటే లెటర్లు అక్కడికే పోతాయి. మనం ఏడాదికోసారి ఫ్లాట్ మారతాం, లైసెన్స్‌లో మార్చి లాగ్‌బుక్‌లో మర్చిపోతాం, పాత ఇంట్లో కాగితాలన్నీ పేరుకుపోయి మనకి తెలీకుండానే డిఫాల్ట్ తీర్పు వచ్చేస్తుంది. రెండిట్లోనూ మార్చండి, టికెట్ నడుస్తుంటే కంపెనీకి కూడా కొత్త అడ్రస్ మెయిల్‌లో చెప్పండి.

స్కాట్లాండ్, నార్తర్న్ ఐర్లాండ్‌లో ఉన్నవాళ్ళకి షెడ్యూల్ 4 వర్తించదు, అక్కడ దాన్ని చూపించి కీపర్‌ని అడగలేరు, మీ జవాబు ఆ పాయింట్‌తోనే మొదలుపెట్టండి. హైర్ కార్ లేదా కంపెనీ లీజ్ కార్ అయితే వాళ్ళే కట్టేసి మీ కార్డు మీద అడ్మిన్ ఫీజుతో సహా లాగేసే ప్రమాదం ఉంది, టికెట్ పడిన రోజే వాళ్ళకి మెయిల్ చేసి "కట్టకండి, నా పేరు మీదకి మార్చండి, నేను చూసుకుంటాను" అని చెప్పండి.