స్విస్ ఆరోగ్య బీమా: ముందు 3,200 ఫ్రాంకులు, తర్వాతే పెట్టుబడి

సెప్టెంబరు చివర్లో వచ్చే ఏడాది ప్రీమియంలు ప్రకటించగానే నేనూ మా ఆవిడా లెక్కలకు కూర్చుంటాం. స్విట్జర్లాండ్‌లో ఆరోగ్య బీమా 1996 నుంచి అందరికీ తప్పనిసరి. సగటు ప్రీమియం 2024లో 8.7 శాతం, 2025లో 6 శాతం పెరిగింది. మా జీతాలు అలా పెరగలేదు.

ముందు కంపెనీ సంగతి. తప్పనిసరైన ఈ ప్రాథమిక బీమాలో ఏ కంపెనీ తీసుకున్నా అందే వైద్యం చట్టప్రకారం ఒకటే, మిమ్మల్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. ప్రభుత్వ వెబ్‌సైట్ ప్రిమ్‌ఇన్ఫోలో చూసి చవకైనదానికి మారిపోండి. రద్దు ఉత్తరం నవంబరు 30 లోపు పాత కంపెనీ చేతికి అందాలి, పోస్టు చేసిన తేదీ లెక్కలోకి రాదు. ఒకసారి నాది రెండు రోజులు ఆలస్యంగా చేరింది. ఏడాదంతా పాత ప్రీమియమే కట్టాను. ఇప్పుడు అక్టోబరులోనే రిజిస్టర్ పోస్టు చేస్తున్నాను.

అసలు డబ్బు మిగిలేది ఫ్రాంషీజ్ దగ్గర. అంటే బీమా కంపెనీ చెల్లించడం మొదలుపెట్టే లోపు మనం పెట్టుకునే ఖర్చు. పెద్దవాళ్లకు కనిష్ఠం 300 ఫ్రాంకులు, గరిష్ఠం 2,500. ఆ పైన బిల్లుల్లో 10 శాతం, ఏడాదికి 700 దాకా, మళ్లీ మనదే. 2,500 ఎంచుకుంటే ప్రీమియం ఏడాదికి అత్యధికంగా 1,540 తగ్గుతుంది. లెక్క వేసి చూస్తే, ఏడాది వైద్యం బిల్లులు సుమారు 2,000 లోపుంటే 2,500 ఫ్రాంషీజే మేలు, దాటితే 300 మేలు. నాకు రోజువారీ మందులేమీ లేవు, 2,500 పెట్టుకున్నాను. మా ఆవిడకు కీళ్లవాతానికి ఖరీదైన ఇంజెక్షన్లు, అందుకే తనకు 300.

అయితే 3,200 ఫ్రాంకులు (ఫ్రాంషీజ్ 2,500, ఆ పైన మన వాటా 700) విడిగా సేవింగ్స్ ఖాతాలో లేనివాళ్లు దయచేసి 2,500 జోలికి వెళ్లకండి. ఆ డబ్బు షేర్లలోనూ పెట్టకండి. ఆపరేషన్ పడిన నెలలోనే మార్కెట్ కూడా పడిపోవచ్చు. ఆ నిధి నిండాకే మిగిలింది నెలనెలా పిల్లర్ 3ఎకు, అంటే రిటైర్మెంట్ కోసం సొంతంగా దాచుకునే ఖాతాకు, పంపుతాను. పెన్షన్ ఫండ్ ఉన్న ఉద్యోగులకు 2025 పరిమితి 7,258 ఫ్రాంకులు, కట్టినంత మేరకు పన్ను పడే ఆదాయం తగ్గుతుంది.

ప్రీమియంలు పెరుగుతున్నాయి కదా, బీమా కంపెనీల షేర్లు కొందామని ఆఫీసులో ఒకరన్నారు. ప్రాథమిక బీమాలో లాభం తీసుకోవడానికి చట్టమే ఒప్పుకోదు, ఆ ఆలోచన వదిలేయండి. ఇంకో సంగతి, ఇక్కడి వినియోగదారుల ధరల సూచీలో ఈ ప్రీమియంలు కలవవు. ఆ సూచీ చూసి రిటైర్మెంట్ లెక్కలు వేస్తే డబ్బు చాలదు. నా షీటులో ప్రీమియంకు వేరే వరుస పెట్టి ఏటా 4 శాతం పెంచుతున్నాను, మిగతా ఇంటి ఖర్చులకు 1 శాతం.