బెంగళూరు నుంచి సముద్రతీరం, చివర్లో ద్రాక్షతోట: వారం రోజుల కారు ప్రయాణం వేసుకునే పద్ధతి

బెంగళూరులో కారెక్కి చెన్నై, మహాబలిపురం, పాండిచ్చేరి, చిదంబరం చూసుకుని, దొడ్డబళ్ళాపుర వైపు వైన్ తోటలు కూడా కలుపుకుని వారంలో ఇల్లు చేరాలంటే ముందుగా తేల్చుకోవాల్సింది వరస. హోటళ్ళ సంగతి తర్వాత. చాలామంది తోటలు ఊరికి దగ్గరే కదా అని వాటిని మొదటిరోజే పెట్టుకుంటారు. నచ్చిన రెండు సీసాలు కొని డిక్కీలో వేసుకుని మర్నాడు హోసూరు దగ్గర తమిళనాడులోకి దాటేస్తారు. చిక్కంతా అక్కడే. ఒక రాష్ట్రంలో కొన్న మద్యాన్ని పర్మిట్ లేకుండా ఇంకో రాష్ట్రంలోకి తీసుకెళ్ళకూడదు. చేతిలో బిల్లు ఉన్నా అది పర్మిట్ కాదు. చెక్‌పోస్టులో దొరికితే సీసాలే కాదు, కారు కూడా స్వాధీనం చేసుకోవచ్చు. తమిళనాడులో చిల్లర మద్యం అమ్మకం 2003 నుంచి ప్రభుత్వ సంస్థ టాస్మాక్ చేతిలోనే ఉంది, బయటి సరుకు మీద నిఘా గట్టిగానే ఉంటుంది. అందుకే తోటను చివరిరోజుకు జరపండి. కర్ణాటకలో కొన్న సీసా కర్ణాటకలోనే ఉన్న మీ ఇంటికి వస్తుంది, మధ్యలో సరిహద్దే ఉండదు.

వరస తేలాక నెల చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరమంతా ఈశాన్య రుతుపవనాల వానలో ఉంటుంది, వాయుగుండాలు వచ్చేదీ అప్పుడే. ఏప్రిల్ వచ్చేసరికి చెన్నైలో మధ్యాహ్నం గుడి మెట్ల మీద కాలు పెట్టలేరు. తోట లెక్క ఇంకోలా ఉంటుంది. దక్షిణాదిలో వైన్ ద్రాక్షకు ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు చేస్తారు. ఏప్రిల్ ప్రాంతంలో ఒకటి, సెప్టెంబరు అక్టోబరుల్లో కాయ కోసం ఇంకొకటి. పండు కోతకొచ్చేది జనవరి చివర నుంచి మార్చి దాకా. జూలైలో వెళ్తే ఆకులే కనిపిస్తాయి. తీరమూ తోటా రెండూ బాగుండేది జనవరి ఆఖరి వారం నుంచి మార్చి మొదటి వారం మధ్యనే.

ఆ వారాల్లోనూ తప్పించుకోవాల్సిన తేదీలున్నాయి. ఫిబ్రవరి 21 శ్రీ అరవిందాశ్రమం మాతాజీ పుట్టినరోజు, 28 పాండిచ్చేరి పక్కనే ఉన్న ఆరోవిల్ అనే అంతర్జాతీయ ఊరు మొదలైన రోజు (1968). ఆ వారం పాండిచ్చేరిలో గదులు దొరకడం కష్టం. పౌర్ణమికీ మహాశివరాత్రికీ అరుణాచలం వైపు పోవద్దు. గిరిప్రదక్షిణ జనంతో ఊరి చుట్టూ రోడ్లు మూసేస్తారు, మీ తిరుగు దారి అటే.

ఇక వారం. సోమవారం బయల్దేరండి. ఎందుకంటే చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఈసీఆర్ (చెన్నై నుంచి పాండిచ్చేరికి తీరం వెంట వెళ్ళే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మొసళ్ళ కేంద్రానికి సోమవారం, పాత ఇళ్ళ మ్యూజియం దక్షిణచిత్రకు మంగళవారం, ఆరోవిల్‌లోని ధ్యానమందిరం మాతృమందిరం లోపలికి కూడా మంగళవారం పంపరు. సోమవారం ప్రయాణం, మంగళవారం చెన్నై, బుధవారం ఈసీఆర్, గురువారం పాండిచ్చేరి, శుక్రవారం చిదంబరం, శనివారం తిరుగు ప్రయాణం, ఆదివారం తోట అనుకుంటే అన్నీ తెరిచే ఉంటాయి. పాండిచ్చేరిలో శుక్ర, శనివారాల ధరలు తప్పుతాయి. ఆదివారం సాయంత్రం కర్ణాటక సరిహద్దులోని అత్తిబెలె దగ్గర ఇరుక్కోవడమూ తప్పుతుంది.

మొదటిరోజు దారి మీ ఇల్లు ఎక్కడో దాన్నిబట్టి ఉంటుంది. ఎలక్ట్రానిక్ సిటీ, హెచ్‌ఎస్‌ఆర్ వాళ్ళకు హోసూరు, కృష్ణగిరి, ఆంబూరు, వేలూరు మీదుగా 350 కి.మీ. వైట్‌ఫీల్డ్, కె.ఆర్. పురం, మారతహళ్ళి వాళ్ళకు కోలారు, ముళబాగిలు, చిత్తూరు, రాణిపేట మీదుగా 330 కి.మీ. రెండో దారిలో మధ్యాహ్నం భోజనం చిత్తూరు జిల్లాలో పడుతుంది, పప్పూ పచ్చడీ కోసం వెతుక్కోనక్కర్లేదు. ఏ దారైనా తెల్లవారుజామున 5 గంటలకే ఇల్లు వదలాలి. 7 దాటితే ఊరు దాటడానికే గంటన్నర పోతుంది. అవతల శ్రీపెరుంబుదూరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల లారీలు, కంపెనీ బస్సులు ఎక్కువ, సాయంత్రం 4లోపు ఆ ప్రాంతం దాటేయాలి. ఫోన్‌లో మ్యాప్ చూపించే సమయానికి పావు వంతు కలుపుకోండి. 6 గంటలంటే ఏడున్నర అనుకుంటే టీలకూ బంకుకూ సరిపోతుంది.

చెన్నైలో గది అడయారు, తిరువాన్మియూరు వైపు తీసుకోండి. బుధవారం పొద్దున లేవగానే ఈసీఆర్ ఎక్కేస్తారు. టి. నగర్‌లో దిగితే ఊరు దాటడానికే పొద్దు పోతుంది. మంగళవారానికి రెండు చాలు. పొద్దున మైలాపూర్ కపాలీశ్వరుడి గుడి (మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా తలుపులు మూస్తారు, ఈ దారిలో చాలా గుళ్ళకు ఇదే లెక్క), ఆ తర్వాత ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి గ్యాలరీ. కృష్ణా తీరం నుంచి తెచ్చిన ఆ పాలరాయిలాంటి సున్నపురాతి ఫలకాల ముందు తెలుగువాళ్ళు కనీసం గంట నిలబడాలి. మదమెక్కిన నలగిరి ఏనుగును బుద్ధుడు లొంగదీసే ఫలకం ఒక్కటి నిదానంగా చూడండి. ఎడమవైపు ఏనుగు తొక్కుతూ వస్తుంది, కుడివైపు అదే ఏనుగు మోకరిల్లి ఉంటుంది, పైన మేడల్లోంచి ఆడవాళ్ళు తొంగి చూస్తుంటారు. టైముంటే మైలాపూర్‌లోనే పొట్టి శ్రీరాములు ప్రాణాలు విడిచిన చోట స్మారకం ఉంది.

బుధవారం ఈసీఆర్. ఉత్తండి దగ్గర టోల్ ఉంది. ఇక్కడొకటి గమనించండి. 2025 ఆగస్టు 15 నుంచి వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాస్ జాతీయ రహదారులకే. ఈసీఆర్ లాంటి రాష్ట్ర రోడ్ల టోళ్ళకు అది పనిచేయదు, డబ్బు ట్యాగ్ ఖాతాలోంచే పోతుంది. పాస్ ఉందికదా అని ఖాతా ఖాళీగా ఉంచితే గేటు దగ్గర ఎక్కువ కట్టాల్సి రావొచ్చు. బయల్దేరే ముందు 1,500 రూపాయలు వేసి ఉంచండి.

ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్రకు రెండున్నర గంటలు పెట్టుకోండి. దక్షిణాది పాత ఇళ్ళను ఊళ్ళల్లో విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు, ఆంధ్ర ఇళ్ళూ ఉన్నాయి. మొసళ్ళ కేంద్రం పిల్లలుంటేనే. మధ్యాహ్నానికి మహాబలిపురం. ఐదు రథాలకూ తీరాలయానికీ ఒకటే టికెట్, ఆ రోజుకే చెల్లుతుంది. కాబట్టి రెండూ బుధవారమే చూసేయండి. ముందు రథాలు, ఎండ దిగాక తీరాలయం. అర్జున తపస్సు శిల్పానికి టికెట్ లేదు, దాన్ని గురువారం పొద్దుటికి ఉంచుకోవచ్చు. అక్కడి సముద్రంలో స్నానానికి దిగకండి. ఒడ్డు నుంచి వెనక్కి లాగే ప్రవాహాలుంటాయి, ఈత వచ్చినవాళ్ళనూ లాగేస్తాయి.

మహాబలిపురం నుంచి పాండిచ్చేరి 95 కి.మీ. మరక్కాణం దగ్గర రోడ్డుకు రెండు వైపులా ఉప్పుమడులు. పొద్దున వెళ్తే ఉప్పు గీకి కుప్పలు పోస్తున్నవాళ్ళు కనిపిస్తారు. కారు తారురోడ్డు అంచునే ఆపండి, పక్కన మట్టి గట్టిగా కనిపించినా కింద బురద ఉంటుంది. ఈసీఆర్ మీద రాత్రి నడపొద్దు. ఆవులు, లైట్లులేని సైకిళ్ళు, ఎదురుదారిలో వచ్చే బైకులు. చీకటి పడేలోపు గది చేరాలన్న నియమం ఈ దారికంతటికీ పెట్టుకోండి.

పాండిచ్చేరిలో సరిహద్దు సంగతి విడిగా చెప్పుకోవాలి. అది గీత గీసినట్టు ఒకే ముక్కగా లేదు. ఈసీఆర్ మీద వస్తుంటే కాలాపేట పాండిచ్చేరి, ఆ తర్వాత కొట్టకుప్పం తమిళనాడు, ముత్యాలుపేట మళ్ళీ పాండిచ్చేరి. మన గోదావరి ఒడ్డున ఉన్న యానాం కూడా ఆ ప్రభుత్వం కిందే ఉందంటే మ్యాపు ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆరోవిల్ చాలావరకూ తమిళనాడు విళుప్పురం జిల్లాలో ఉంది. ఊళ్ళో షాపులో సీసా కొని ఆరోవిల్ దగ్గరి గెస్ట్‌హౌస్‌కి తీసుకెళ్ళారంటే రాష్ట్రం దాటించినట్టే. తాగాలనుకుంటే ఊళ్ళోనే గది తీసుకుని, రెస్టారెంటుకు నడిచి వెళ్ళి, నడిచి రండి. తెల్లవారాక కారులో ఖాళీ సీసా కూడా ఉండకూడదు. అక్కడినుంచి నిజంగా తీసుకెళ్ళదగ్గది పెట్రోలు. తమిళనాడుకన్నా పాండిచ్చేరిలో తక్కువ, బయల్దేరే ముందు ట్యాంకు నింపేయండి.

బీచ్ రోడ్డు సాయంత్రం 6 నుంచి మర్నాడు ఉదయం ఏడున్నర దాకా వాహనాలకు మూసేస్తారు. ఆ వీధిలోనే హోటల్ ఉంటే 6లోపు కారు లోపల పెట్టుకోవాలి. శుక్రవారం పొద్దున ఆరున్నరకు బయల్దేరాలంటే కారు ఎటునుంచి బయటికి తీయాలో ముందురోజే అడిగి ఉంచుకోండి. మాతృమందిరం బయటినుంచి చూడటానికి సందర్శకుల కేంద్రంలో పాస్ ఇస్తారు. లోపల కూర్చోవాలంటే ముందే పేరు రాయించుకోవాలి.

శుక్రవారం కడలూరు మీదుగా చిదంబరం 65 కి.మీ. నేరుగా గుడికి పోకుండా ముందు పిచ్చావరం వెళ్ళండి, ఇంకో 15 కి.మీ. మడ అడవుల్లో పడవ 9 గంటలకల్లా ఎక్కితే ఎండ ముదరకముందే తిరిగొస్తారు. నీళ్ళసీసా, టోపీ, పిల్లలకు లైఫ్ జాకెట్ అడిగి మరీ తొడిగించండి. సాయంత్రం నటరాజస్వామి గుడి. తరంగంబాడిలో 1620 నాటి డేనిష్ కోట కూడా చూడాలంటే ఇంకో రోజు కలుపుకోండి. అదే రోజులో కుక్కితే పిచ్చావరమూ చెడుతుంది, గుడీ చెడుతుంది.

శనివారం మొత్తం ప్రయాణంలో గట్టి రోజు. చిదంబరం, విళుప్పురం, తిరుక్కోవిలూరు, అరుణాచలం, చెంగం, ఊత్తంగరై, కృష్ణగిరి, హోసూరు. దాదాపు 350 కి.మీ. దూరం చెన్నై దారంతే అయినా విళుప్పురం నుంచి కృష్ణగిరి దాకా చాలావరకు రెండు వరసల రోడ్డు, సగటున గంటకు 45 కి.మీ. మించదు. చెరకు ట్రాక్టర్లకు వెనక లైట్లుండవు, చెరకు గడలు పక్కకు బారెడు పొడుచుకొచ్చి ఉంటాయి. దాటేటప్పుడు ఆ బారెడు లెక్కలోకి తీసుకోండి. 6కు బయల్దేరితే సాయంత్రం 4కు అత్తిబెలె. అరుణాచలంలో దర్శనం ఈ రోజు పెట్టుకోవద్దు. శనివారం మనవాళ్ళ రద్దీకి క్యూలోనే పొద్దుపోతుంది. కొండకు దణ్ణం పెట్టుకుని సాగిపోండి.

కారు విషయంలో మూడు పనులు చాలు. టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్‌పై నిండు బరువుకు రాసిన అంకె ప్రకారం పట్టించండి. స్టెప్నీలో గాలి, జాకీ, స్పానర్ ఉన్నాయో ఇంటి దగ్గరే చూసుకోండి. తిరిగొచ్చాక కారు అడుగుభాగం మంచినీళ్ళతో కడిగించండి, ఉప్పుగాలి పట్టిన బోల్టులు త్వరగా తుప్పెక్కుతాయి. అటూ ఇటూ తిరుగుడు కలిపి 1,200 కి.మీ. అవుతుంది. లీటరుకు 15 ఇచ్చే బండికి 80 లీటర్లు.

ఆదివారం తోటకు సొంత కారు తీయకండి, క్యాబ్ మాట్లాడుకోండి. లెక్క ఇదీ. రుచి చూపించడంలో ఐదు రకాలు, ఒక్కోటి 40 మి.లీ. అంటే 200 మి.లీ. 13 శాతం వైన్‌లో అది సుమారు 20 గ్రాముల ఆల్కహాల్. 70 కిలోల మగవాడి రక్తంలో 100 మి.లీ.కు 40 మి.గ్రా. దాటుతుంది. చట్టం ఒప్పేది 30. తగ్గేది గంటకు 15 చొప్పున. కొంచెమే కదా అనుకున్నదే పరిమితి దాటేస్తుంది. మొదటిసారి పట్టుబడితే 10,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఆడవాళ్ళకూ, బరువు తక్కువవాళ్ళకూ ఇంకా ముందే దాటుతుంది.

హెబ్బాళ నుంచి దొడ్డబళ్ళాపుర వైపు తోటలు గంట, గంటన్నర దూరం. గ్రోవర్ జంపా తోట అక్కడిదే, నంది కొండల దగ్గర. ఆదివారం టూర్‌కి ముందే ఫోన్‌చేసి సమయం ఖాయం చేసుకోండి. అడగాల్సిన ప్రశ్న ఒకటి: ఆ వారం పండు కోస్తున్నారా? కోస్తుంటే పొద్దుటి టూర్ అడగండి, పండు చల్లగా ఉండగానే కోసి తెస్తారు. దారిలో దేవనహళ్ళి, చిక్కబళ్ళాపుర వైపు బుట్టల్లో అమ్మే నల్లటి బెంగళూరు బ్లూ ద్రాక్ష వేరు, అది తినడానికీ రసానికీ. తోటలో పెంచేవి షిరాజ్, కాబెర్నే సోవిన్యాఁ లాంటి చిన్న పళ్ళ రకాలు. ఒకటి నోట్లో వేసుకుంటే తొక్క మందం, విత్తనం వగరు తెలుస్తాయి. రెడ్ వైన్‌కు రంగూ వగరూ వచ్చేది వాటినుంచే. తాగేటప్పుడు తెలుపుతో మొదలుపెట్టి ఎరుపుకు రండి, మధ్యమధ్య నీళ్ళు తాగండి. కడుపు ఖాళీగా వెళ్ళొద్దు.

కొన్న సీసాలు డిక్కీలో పెట్టకండి. ఎండలో ఆగిన కారు లోపల వేడి 50 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి కార్కు పైకి తోసుకొస్తుంది, వైన్ ఉడికిన వాసన వేస్తుంది. ఏసీ ఉన్న చోట, కాళ్ళ దగ్గర పడుకోబెట్టి తెచ్చుకోండి. బిల్లు ఇంటికి చేరేదాకా దగ్గర ఉంచుకోండి.

చెన్నైలో ఉండేవాళ్ళు ఇదే చుట్టు తిప్పేయొచ్చు: పాండిచ్చేరి, చిదంబరం, కృష్ణగిరి, బెంగళూరు, చిత్తూరు మీదుగా ఇల్లు. అప్పుడు తోట మధ్యలో వస్తుంది కాబట్టి సీసాలు కొనకండి. బెంగళూరులో బంధువుల ఇంట్లో రాత్రి ఉంటే, ఒకటి కొని అక్కడే అందరూ కలిసి పంచుకోండి.