కొత్త విద్యా సంవత్సరంలో వర్తమాన అంశాలపై తరగతి చర్చ నిర్వహించడం ఎలా?

బడి తెరిచే ముందు ఉపాధ్యాయులు రాసుకునే వార్షిక ప్రణాళికలో వర్తమాన అంశాలకు ఒక గడి కేటాయిస్తారు. అందులో ‘వారానికొక చర్చ’ అని రాసి తరువాతి గడికి వెళ్లిపోతారు. ఏడాది మొదలయ్యాక అది సాధారణంగా రెండు రకాలుగా అమలవుతుంది. ఒక విద్యార్థి నిలబడి వార్తల శీర్షికలు చదివి కూర్చోవడం ఒకటి, తరగతిని రెండు జట్లుగా విడదీసి అనుకూలం, వ్యతిరేకం అని వాదించమనడం మరొకటి. శీర్షికలు చదివినప్పుడు ఎవరూ ఆలోచించరు. జట్లు వాదించుకున్నప్పుడు ఎవరూ వినరు. పదేళ్లు దాటిన పిల్లలతో, ఒక్క పీరియడ్‌లో, ఇంతకన్నా ఎంతో మేలైన చర్చ జరిపించవచ్చు. దానికి కావలసిన పని చాలావరకు సెలవుల్లోనే పూర్తి కావాలి.

కావలసినవి

నల్లబల్ల, గోడ గడియారం, ప్రతి విద్యార్థికీ ఒక ప్రత్యేక నోటుపుస్తకం, అంశానికి సంబంధించిన వాస్తవాలతో మీరే తయారుచేసిన ఒక పేజీ. వీడియోలు, స్లైడ్లు అవసరం లేదు. అవి చూపించడానికే పీరియడ్‌లో సగం పోతుంది.

అంశాలను ఎంచుకోవడం

ఏడాదికి ఆరు అంశాలు చాలు. వారానికొకటి పెట్టుకుంటే సిద్ధపడే సమయం ఉండదు, సిద్ధపడని చర్చ పిల్లలకు నష్టమే చేస్తుంది. ప్రతి అంశమూ సిలబస్‌లోని ఏదో ఒక పాఠానికి అతుక్కోవాలి. కర్బన చక్రం చెప్పే నెలలో వాతావరణ మార్పు, పాలిమర్ల పాఠం తరువాత ప్లాస్టిక్ కాలుష్యం, శాతాలు నేర్పిన వారంలో వార్తల్లో వచ్చే గణాంకాలు తీసుకుంటే చర్చ పాఠానికి బలమిస్తుంది, పాఠం చర్చకు ఆధారమిస్తుంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ విడుదలైన నాటి నుంచి హోంవర్క్ ఎవరు చేస్తున్నారన్న ప్రశ్న ప్రతి బడిలోనూ ఉంది కాబట్టి కృత్రిమ మేధను జాబితాలో తప్పక చేర్చండి. బడిలో ఫోన్ల వాడకం కూడా మంచి అంశమే. దాని మంచిచెడ్డలు పిల్లలు తమ అనుభవంతోనే చెప్పగలరు.

నిన్న జరిగిన దుర్ఘటనను ఈరోజు చర్చకు పెట్టకండి. వాస్తవాలు నిలకడకు రావడానికి కనీసం ఒక వారం ఆగాలి. ఎంచుకున్న అంశం వల్ల నేరుగా దెబ్బతిన్న పిల్ల తరగతిలో ఉందేమో ముందే ఆరా తీయండి. ఉంటే ఆ పిల్లతో విడిగా మాట్లాడి, ఆమెకు ఇష్టం లేకపోతే అంశాన్నే మార్చండి. జాబితా ఖరారయ్యాక ప్రధానోపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఒక చిన్న లేఖలో తెలియజేస్తే తరువాత వచ్చే అపార్థాలు చాలావరకు ముందే తొలగిపోతాయి.

మొదటి రెండు వారాల సాధన

తొలి చర్చను తేలికైన విషయంపై పెట్టండి: తరగతిలో కూర్చునే వరుసలు నెలకోసారి మార్చాలా అన్నది చాలు. ఇక్కడ నేర్పవలసినవి మూడే అలవాట్లు. ఒకరు మాట్లాడేటప్పుడు మరొకరు అడ్డురాకూడదు. విమర్శ మాట మీదే ఉండాలి గాని మనిషి మీద ఉండకూడదు. తన మాట మొదలుపెట్టే ముందు అంతకుముందు మాట్లాడినవారు చెప్పినదాన్ని ఒక్క వాక్యంలో తిరిగి చెప్పాలి. మూడో అలవాటు కుదరకుండా అసలు అంశాల్లోకి వెళ్లకండి.

ప్రశ్నను తయారుచేయడం

నేను చూసిన చర్చలు ఎక్కువగా ఇక్కడే దెబ్బతిన్నాయి, కాబట్టి ఈ ఒక్క పనికి సెలవుల్లో తీరిగ్గా సమయం పెట్టుకోమని కోరుతున్నాను. అంశం ఎంత మంచిదైనా, ప్రశ్న తప్పుగా ఉంటే పీరియడ్ ముగిసేసరికి పిల్లలు వచ్చినప్పటికన్నా ఎక్కువ గందరగోళంతో ఇంటికి వెళ్తారు.

ముందుగా ప్రశ్న తేలినదా, తేలనిదా అని నిర్ణయించుకోవాలి. ఆధారాలతో జవాబు స్థిరపడినది తేలిన ప్రశ్న. ఆధారాలన్నీ ముందు పెట్టుకున్న తరువాత కూడా, విలువల్లోనో ప్రాధాన్యాల్లోనో తేడా వల్ల, ఆలోచనాపరులు భిన్నాభిప్రాయాలతో ఉండగలిగేది తేలని ప్రశ్న. ‘భూమి వేడెక్కడానికి మనుషులు కారణమా?’ అన్నది తేలిన ప్రశ్న. మానవ ప్రభావం వల్లే వాతావరణం, సముద్రం, నేల వేడెక్కాయన్నది నిస్సందేహమని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం ఐపీసీసీ 2021 నివేదికలోనే చెప్పింది. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత 1850–1900 నాటి సగటు కన్నా సుమారు 1.55 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ. దీన్ని రెండు జట్లకు పంచి వాదించమంటే, మాటకారితనంతో వాస్తవాన్ని ఓడించవచ్చని పిల్లలకు మనమే నేర్పినట్టవుతుంది. అదే అంశంలో ‘ఉద్గారాలు తగ్గించే ఖర్చులో ఎక్కువ భాగం ఎవరు భరించాలి?’ అన్నది తేలని ప్రశ్న, చర్చకు తగినది. అలాగే టీకాలు పనిచేస్తాయా అన్నది తేలిపోయింది. టీకాల సాయంతో మశూచి ప్రపంచమంతటా నిర్మూలమైందని 1980లో అధికారికంగా ప్రకటించారు. టీకాలను చట్టం ద్వారా తప్పనిసరి చేయాలా అన్నది మాత్రం ఇంకా చర్చించదగినదే.

తేలనిదాన్ని తేలినట్టు బోధించడం కూడా ఇంతే పెద్ద తప్పు. 1976లో పశ్చిమ జర్మనీలోని బాయ్‌టెల్స్‌బాఖ్‌లో విద్యావేత్తలు పౌరవిద్య బోధనకు కుదుర్చుకున్న ఏకాభిప్రాయం ఈ విషయంలో నాకు నేటికీ గీటురాయి. ఉపాధ్యాయుడు తన అభిప్రాయాన్ని విద్యార్థులపై రుద్దకూడదు. సమాజంలో వివాదంగా ఉన్నదాన్ని తరగతిలోనూ వివాదంగానే చూపించాలి. విద్యార్థి పరిస్థితిని విశ్లేషించి తన ప్రయోజనం ఎక్కడుందో తానే గుర్తించగలగాలి. ఈ మూడూ పాటిస్తే ప్రశ్న దానంతట అదే సరైన ఆకారానికి వస్తుంది.

తరువాత ప్రశ్నలోని మాటలు. ‘సోషల్ మీడియా మంచిదా, చెడ్డదా?’ అన్న ప్రశ్నలో పట్టుకోవడానికి ఏమీ లేదు. ఎవరు, ఏమి, ఎవరి విషయంలో చేయాలన్నది ప్రశ్నలోనే ఉండాలి. ఆస్ట్రేలియా 2024 నవంబరులో చేసిన చట్టం ప్రకారం, 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లు నిండనివారికి కొన్ని సోషల్ మీడియా వేదికల్లో ఖాతాలు ఉండకుండా కంపెనీలే చర్యలు తీసుకోవాలి. ఉల్లంఘనకు శిక్ష కంపెనీలకే గాని పిల్లలకూ తల్లిదండ్రులకూ కాదు. ఈ వాస్తవాలను పేజీలో ఇచ్చి, ‘16 ఏళ్లలోపు వారిని సోషల్ మీడియాకు దూరంగా ఉంచే బాధ్యతను కంపెనీలపై పెట్టడం సరైనదేనా?’ అని అడిగితే పిల్లలకు ఆలోచించడానికి ఒక గట్టి విషయం దొరుకుతుంది. ప్రశ్నలో ‘వ్యసనం’, ‘స్వేచ్ఛను హరించే’ వంటి, జవాబును ముందే మోసుకొచ్చే మాటలు ఉండకూడదు. రాసిన ప్రశ్నకు రెండు వైపులా మూడేసి గట్టి కారణాలు మీరు రాయలేకపోతే ఆ ప్రశ్నను పక్కన పెట్టండి.

ఒక జనసమూహానికి గౌరవం, హక్కులు ఉండాలా అన్నది ఎన్నడూ ప్రశ్న కాకూడదు. ఆ సమూహానికి చెందిన పిల్ల అదే గదిలో కూర్చుని తన ఉనికిపై సహవిద్యార్థులు చేతులెత్తి ఓటు వేయడం చూడవలసి వస్తుంది. చర్చాస్వేచ్ఛ పేరుతో దీన్ని సమర్థించేవారితో నేను ఏకీభవించను.

ఇక ఉపాధ్యాయుడి సొంత అభిప్రాయం. తేలని ప్రశ్నపై దాన్ని చెప్పకండి. దాచడం కన్నా చెప్పడమే నిజాయితీ అని కొందరు వాదిస్తారు గాని, మార్కులు వేసే చేతిలో అభిప్రాయం ఉందని తెలిసిన క్షణం నుంచి పిల్లలు ఆ అభిప్రాయానికి దగ్గరగా మాట్లాడడం మొదలుపెడతారు. నోటితో చెప్పకపోయినా, నచ్చిన జవాబుకు తల ఊపడం, నచ్చనిదానికి నొసలు చిట్లించడం అదే పని చేస్తాయి. అందరి మాటకూ ఒకే రకంగా ‘ఇంకా చెప్పు’ అనడం అలవాటు చేసుకోండి. తేలిన వాస్తవం విషయంలో మాత్రం మౌనంగా ఉండకూడదు. తప్పును తప్పని స్పష్టంగా, మెల్లగా చెప్పి, చర్చను తిరిగి ప్రశ్న దగ్గరికి తీసుకురావాలి.

పీరియడ్ నడిపించడం

నలభై నిమిషాల పీరియడ్‌లో అయిదు నిమిషాలు వాస్తవాల పేజీ చదవడానికి, మూడు నిమిషాలు మౌనంగా రాసుకోవడానికి, నాలుగు నిమిషాలు పక్కనున్నవారితో మాట్లాడడానికి, ఇరవై నిమిషాలు అందరి చర్చకు, చివరి ఎనిమిది నిమిషాలు మళ్లీ రాయడానికి ఇవ్వండి. ఒంటరిగా ఆలోచించి, జంటగా మాట్లాడి, ఆపైన అందరితో పంచుకునే ఈ క్రమాన్ని 1981లో అమెరికా విద్యావేత్త ఫ్రాంక్ లైమన్ ప్రతిపాదించారు. చెయ్యెత్తడానికి జంకే పిల్లలకు దీనికి మించిన సాయం లేదు. ప్రశ్న అడిగాక ఆగడం కూడా ముఖ్యం. ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా, ఆలోచనతో కూడి వస్తాయనీ అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశోధనలు చూపించాయి. గడియారం గోడమీద ఉండాలన్నది ఇందుకే.

చర్చలో ఎవరైనా అనుమానాస్పదమైన సమాచారం చెబితే అక్కడికక్కడే వాదించకండి. నల్లబల్ల మూలన ‘సరిచూడవలసినవి’ అని రాసి, దాన్ని అక్కడ చేర్చండి. వాటిని సరిచూసే పని తరువాతి పీరియడ్‌లోపు ఇద్దరు పిల్లలకు అప్పగించాలి. ఒక వెబ్‌సైటు నమ్మదగినదా అని తేల్చడానికి అందులోనే పైనుంచి కిందకు చదువుతూ కూర్చోకుండా, బయటకు వచ్చి దాని గురించి ఇతరులు ఏమంటున్నారో వెతకమని చెప్పండి. వృత్తిగా వాస్తవాలు సరిచూసేవారు ఇలాగే చేస్తారు. ఏఐ చాట్‌బాట్ లేని పుస్తకాన్నీ లేని వ్యాసాన్నీ కూడా ఆధారంగా చూపించగలదు కాబట్టి, అది చెప్పిన మూలాన్ని తెరిచి చూడనిదే బల్లమీది అంశాన్ని కొట్టివేయకూడదు.

రాత, మార్కులు

చివరి ఎనిమిది నిమిషాల్లో పిల్లలు తమ నిర్ణయాన్ని, తమకు ఎదురుగా వినిపించిన అత్యంత బలమైన కారణాన్ని, దానికి తమ జవాబును రాయాలి. మార్కులు ఎటువైపు నిలబడ్డారన్నదానికి ఇవ్వకూడదు. ఎదుటివారి కారణాన్ని ఎంత న్యాయంగా చెప్పారు, తమ మాటకు ఏ ఆధారం చూపించారు అన్నవాటికే ఇవ్వాలి. నోటుపుస్తకాలు మీ దగ్గరే ఉంచుకుని, తరువాతి చర్చ మొదలయ్యే ముందు ‘సరిచూడవలసినవి’ జాబితాలో ఏమి తేలిందో ఆ ఇద్దరు పిల్లల చేత తరగతికి చదివించండి.