తొట్లకొండ నుంచి బొజ్జన్నకొండ దాకా: అరకు ఘాట్ మీదుగా మూడు రోజుల కారు ప్రయాణం ఎలా చేయాలి?

విశాఖ నుంచి అరకు వెళ్లేవాళ్లలో చాలామంది వెళ్లిన దారినే తిరిగొస్తారు. అలా కాకుండా ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా ఎక్కి పాడేరు, లంబసింగి, నర్సీపట్నం మీదుగా దిగితే మొదట్లో ఒక బౌద్ధక్షేత్రం, చివర్లో మరొకటి, మధ్యలో కొండలన్నీ వస్తాయి. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి మూడు పగళ్లు, రెండు రాత్రులు సరిపోతాయి.

1. తేదీలు

అక్టోబరులో జలపాతాలు నిండుగా ఉంటాయి కానీ తుపాన్ల కాలం కూడా అదే. హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది 2014 అక్టోబరు 12న. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని చెబితే ప్రయాణం వాయిదా వేయండి. వర్షం ఆగిన మర్నాడు కూడా ఘాట్‌లో రాళ్లు, మట్టి జారుతూనే ఉంటాయి. కుదిరితే నవంబరు మధ్యలో పెట్టుకోండి. వానలు తగ్గుముఖం పట్టి, కొండవాలుల్లో వలిసె (నూనెగింజల పంట) పూలు పసుపు పరిచినట్టు ఉంటాయి. కార్తీక ఆదివారాల్లో వనభోజనాల రద్దీ ఎక్కువ కాబట్టి సోమవారం బయల్దేరి బుధవారం తిరిగొచ్చేలా చూసుకోండి. అరకు, పాడేరుల్లో గదులు ముందే బుక్ చేసుకోండి.

2. కారు

బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్, కూలెంట్, వైపర్లు, స్టెప్నీలో గాలి: ఈ ఐదూ మెకానిక్‌తో చూపించండి. అద్దె కారైతే తాళం చేతికి తీసుకునే ముందే జాకీ, స్పానర్ ఉన్నాయో లేదో చూసుకోండి. ట్యాంకు ఎస్.కోటలో నింపండి. అరకు, పాడేరుల్లో బంకులున్నా, కొండమీద ట్యాంకు సగానికి తగ్గనివ్వకుండా నడపడం మంచిది. మధ్యలో ఫోన్ సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, చేతిలో కొంత నగదు ఉంచుకోండి.

సామానులో మరిచిపోకూడనివి స్వెట్టర్లు, టార్చిలైటు, జారని చెప్పులు, దోమల క్రీము. ఏజెన్సీలో మలేరియా ఉంది. సాయంత్రం నుంచి పిల్లలకు ఫుల్ చేతుల చొక్కాలే వేయండి.

3. మొదటి రోజు: తొట్లకొండ, బొర్రా, అరకు

ఉదయాన్నే భీమిలి బీచ్ రోడ్డు పట్టుకుంటే విశాఖకు పదిహేను కిలోమీటర్ల దూరంలో తొట్లకొండ. పైన నీడ తక్కువ, అందుకే ఎండ ముదరక ముందే చూడాలి. 1988 నుంచి 1993 దాకా ఇక్కడ తవ్వకాలు జరిగాయి. భిక్షువుల గదులు, స్తూపాలు, మండపాలతో పాటు శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు కూడా బయటపడ్డాయి. సముద్ర వ్యాపారానికి, ఈ కొండకు సంబంధం ఉందనడానికి ఆ నాణేలే సాక్ష్యం. పిల్లలకు ముందుగా రాతిని తొలిచి చేసిన నీటి తొట్లు చూపించండి. కొండమీద బావి లేని చోట అంతమంది వాననీటితో ఎలా బతికారో అక్కడే అర్థమవుతుంది. కట్టడాల మీదికి మాత్రం ఎక్కనివ్వకండి. 2019 అక్టోబరు వానలకు ఇక్కడి మహాస్తూపంలో కొంతభాగం కూలిపోయింది.

పది గంటలకల్లా దిగి ఆనందపురం, పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట చేరండి. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు ఇక్కడ భోజనం సగానికే ఆపాలి. వాంతుల మాత్ర వాడేవాళ్లు ఘాట్ మొదలవడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక వేస్తే పనిచేయదు. పిల్లలకు ఏ మాత్ర, ఎంత అన్నది ఇంటి దగ్గరే డాక్టర్ని అడిగి రండి. మూడు వరుసల బండిలో వెనక సీటు అన్నిటికన్నా ఎక్కువ ఊపుతుంది, కడుపులో తిప్పే పిల్లల్ని మధ్య వరుసలో కూర్చోబెట్టి ఫోన్లు తీసేసుకోండి.

బొర్రా గుహలకు అనంతగిరి దాటాక మెయిన్ రోడ్డు నుంచి పక్కకు తిరగాలి. మధ్యాహ్నం మూడు లోపు చేరితేనే తీరిగ్గా చూడగలరు. చూడటానికి గంటన్నర పడుతుంది. మెట్లు చాలా, నేల తడి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ముందున్న పెద్ద గుహ చూసి ఆగిపోయినా లోటేమీ లేదు. సున్నపురాతి ధారల్ని ముట్టుకోవద్దు. చేతి జిడ్డు అంటితే నీరు సరిగా పట్టక ఆ చోట రాయి పెరగడం ఆగిపోతుంది. కోతులు ఎక్కువ, తినుబండారాల సంచి చేతిలో పట్టుకుని నడవకండి. చీకటి పడేలోపు అరకు చేరిపోవాలి.

4. ఘాట్‌లో నడపడం

మలుపుకు ముందే వేగం తగ్గించి హారన్ కొట్టండి, మలుపులో ఓవర్‌టేక్ వద్దు. ఇరుకుచోట ఎదురెదురుగా వస్తే పైకి ఎక్కే బండికే దారివ్వాలి. అది ఆగితే ఏటవాలులో మళ్లీ కదలడం కష్టం. ఎక్కేటప్పుడు హాఫ్ క్లచ్‌లో నిలబెడితే క్లచ్ కాలిన వాసన వస్తుంది. ఆగాల్సి వస్తే హ్యాండ్‌బ్రేక్ వేయండి, కదిలేటప్పుడు క్లచ్ పట్టాకే దాన్ని వదలండి.

అసలు ప్రమాదం దిగేటప్పుడు. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో దింపితే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కి, కాలిన వాసన వచ్చి, చివరికి పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. ఏ గేరులో ఆ వాలు ఎక్కగలరో ఆ గేరులోనే దిగండి, చాలాచోట్ల రెండో గేరు. ఆటోమేటిక్ అయితే ‘ఎల్’ లేదా మాన్యువల్ మోడ్. బ్రేకు కాసేపు నొక్కి వదలాలి గాని, కాలు అక్కడే ఆనించి ఉంచకూడదు. వాసన వస్తే వెడల్పైన చోట ఆపి అరగంట చల్లారనివ్వండి. వేడి డిస్కుల మీద నీళ్లు పోయవద్దు, వంకర పోతాయి.

మంచులో హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది. లో బీమ్ చాలు.

5. రెండో రోజు

అరకులో గిరిజన మ్యూజియం, పొద్దుటి ఎండలో వలిసె పొలాలు, సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోటలు. పొలంలోకి దిగేముందు రైతును అడగండి. ఫొటోల కోసం తొక్కిన మొక్కకు గింజ రాదు. మధ్యాహ్నం డుంబ్రిగుడ దగ్గర చాపరాయిలో ఆగండి. పాచిపట్టిన బండ బాగా జారుతుంది, పిల్లల్ని నీళ్లలోకి ఒంటరిగా వదలొద్దు. రాత్రికి పాడేరు.

6. మూడో రోజు

పాడేరు దగ్గరి వంజంగి కొండ మేఘాలు, లంబసింగి మంచు రెండూ ఒకే తెల్లవారుజామున చూడాలనుకుంటే దేన్నీ సరిగా చూడలేరు. నడవగలిగినవాళ్లు వంజంగి ఎంచుకోండి, చీకట్లో కాలిబాట ఎక్కాలి. పెద్దవాళ్లుంటే నేరుగా లంబసింగి వెళ్లండి, మంచు రోడ్డు మీదికే వస్తుంది. తర్వాత నర్సీపట్నం దిగి, భోజనం చేసి అనకాపల్లి వైపు సాగండి.

అనకాపల్లికి దగ్గర్లోనే శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ. అలసిపోయామని దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ, వదలొద్దు. 1906లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. మెట్లెక్కగానే రెండంతస్తుల గుహ, లోపల స్తంభాల మధ్య అదే రాతిలోంచి తొలిచిన స్తూపం కనిపిస్తుంది. పక్కనున్న లింగాలకొండ కూడా ఎక్కండి. కొండనే చెక్కి వరసలు వరసలుగా నిలబెట్టిన చిన్న చిన్న స్తూపాలు ఇటువంటివి మరోచోట చూడటం అరుదు. రెండు కొండలకూ కలిపి గంటన్నర కావాలి, అందుకే సాయంత్రం నాలుగుకు ముందే చేరండి.

విజయవాడ, హైదరాబాదు వైపు వెళ్లేవాళ్లు విశాఖ వెళ్లనక్కర్లేదు, అనకాపల్లిలోనే 16వ జాతీయ రహదారి ఎక్కొచ్చు. కానీ తెల్లవారుజాము నుంచి డ్రైవ్ చేసిన మనిషే ఆ రాత్రంతా కూడా నడపకూడదు. రెండో డ్రైవరు లేకపోతే అనకాపల్లిలోనే గది తీసుకుని పొద్దున బయల్దేరండి.